ఈ క్లాస్‌ను ఎవరు మార్చమంటే మారుస్తాం? వ్యూ మోడల్, డీటీఓల ఎంపిక మీద ప్రసంగం

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవాళ్లలో ఎక్కువమంది రోజూ కోడ్ రాసేవాళ్లే కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను. కోడ్ రివ్యూల్లో తరచూ నడిచే వాదన ఒకటుంది. ఒకరు డేటాను మోసుకెళ్లడానికి ఆర్డర్ డీటీఓ అని ఒక క్లాస్ రాస్తారు. ఇంకొకరు స్క్రీన్ కోసం ఆర్డర్ వ్యూ మోడల్ అని మరొకటి రాస్తారు. రెండింటిలోనూ అవే ఏడెనిమిది ప్రాపర్టీలు. మూడో మనిషి వచ్చి, రెండూ ఒకటే కదా, ఒకటి తీసేయండి అంటారు. ఇక అక్కడి నుంచి అరగంట చర్చ.

ఆ చర్చ తేలదు, ఎందుకంటే ముగ్గురూ క్లాస్ లోపల ఏముందో చూస్తున్నారు. అసలు చూడాల్సింది క్లాస్ బయట. దాన్ని ఎవరు మార్చమంటే మారుస్తాం? మారిస్తే ఎవరి పని ఆగిపోతుంది? ఈ రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలావరకు అక్కడికక్కడే తేలిపోతుంది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. అది ఎందుకు నిజమని నమ్ముతున్నానో చూపించడానికే మిగతా సమయం.

ముందు డీటీఓ, అంటే డేటా ట్రాన్స్‌ఫర్ ఆబ్జెక్ట్, ఎందుకు పుట్టిందో చూద్దాం. 1990ల చివర్లో జావాలో, కంపెనీల సర్వర్ అప్లికేషన్లు రాయడానికి, ఎంటర్‌ప్రైజ్ జావాబీన్స్ వచ్చాయి. అందులో ఎంటిటీ బీన్‌ను, అంటే డేటాబేస్‌లోని రికార్డుకు ప్రతినిధిగా ఉండే ఆబ్జెక్ట్‌ను, వేరే మెషీన్ నుంచి కూడా పిలవచ్చు. కస్టమర్ పేరు కావాలంటే ఒక గెటర్ (విలువను చదివి ఇచ్చే మెథడ్), చిరునామా కావాలంటే ఇంకో గెటర్, ఫోన్ నంబర్‌కు మరొకటి. రాసేటప్పుడు మామూలు మెథడ్ కాల్స్‌లాగే కనిపిస్తాయి. కానీ ప్రతి కాల్ నెట్‌వర్క్ దాటి వెళ్లి తిరిగి రావాలి. మెమరీలో ఉన్న విలువను చదవడానికి సుమారు 100 నానోసెకన్లు పడితే, ఒకే డేటా సెంటర్‌లో ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు వెళ్లి రావడానికి అర మిల్లీసెకను దాకా పడుతుంది. అంటే వేల రెట్ల తేడా. ఒక స్క్రీన్‌కు ఇరవై ఫీల్డులు కావాలంటే ఇరవై సార్లు ఆ ప్రయాణం చేయాలి. అందుకే కావలసినదంతా ఒక ఆబ్జెక్ట్‌లో సర్ది ఒకేసారి పంపడం మొదలుపెట్టారు. జావాను తయారు చేసిన సన్ కంపెనీ వాళ్ల జావా ప్యాటర్న్‌లలో, అంటే తరచూ వచ్చే సమస్యలకు రాసిపెట్టిన డిజైన్ పరిష్కారాల్లో, మొదట దీన్ని వాల్యూ ఆబ్జెక్ట్ అన్నారు, తర్వాత ట్రాన్స్‌ఫర్ ఆబ్జెక్ట్‌గా మార్చారు. సాఫ్ట్‌వేర్ డిజైన్ మీద పుస్తకాలు రాసే మార్టిన్ ఫౌలర్ 2002లో ఎంటర్‌ప్రైజ్ అప్లికేషన్ల ప్యాటర్న్‌ల మీద రాసిన పుస్తకంలో డేటా ట్రాన్స్‌ఫర్ ఆబ్జెక్ట్ అన్న పేరు వాడారు. ఆ పేరే నిలిచింది. ప్రాసెస్‌ల మధ్య డేటాను మోసుకెళ్లి మెథడ్ కాల్స్ సంఖ్య తగ్గించేది అన్నది ఆయన ఇచ్చిన అర్థం.

ఆ అర్థంలో ‘ప్రాసెస్‌ల మధ్య’ అన్న ముక్కను మనవాళ్లు చాలామంది వదిలేశారు. ఒకే ప్రాసెస్‌లో, ఒకే సర్వర్‌లో, ఒక ఫోల్డర్ నుంచి పక్క ఫోల్డర్‌కు డేటా ఇవ్వడానికి కూడా డీటీఓలు రాస్తున్నారు. ఇలా ఒకే ప్రాసెస్ లోపల డీటీఓలు వాడటం చాలాసార్లు అనవసర భారం అని ఫౌలర్ 2004లోనే విడిగా రాశారు. దాటాల్సిన హద్దు లేనప్పుడు, దాన్ని దాటించే బండి కూడా అక్కర్లేదు.

వ్యూ మోడల్ పుట్టింది ఇంకోచోట, ఇంకో సమస్య కోసం. స్క్రీన్ వెనక ఉండే స్థితిని, అంటే ఏ వరుస సెలెక్ట్ అయి ఉంది, ఏ బటన్ నొక్కే వీలుంది, ఏ పెట్టెలో ఏం టైప్ చేశారు అన్నవాటిని, స్క్రీన్ కోడ్ నుంచి విడదీసి పరీక్షించడానికి వీలుగా ఎక్కడ పెట్టాలి? 2004లో ఫౌలర్ ప్రెజెంటేషన్ మోడల్ అని ఒక ప్యాటర్న్ రాశారు. 2005లో మైక్రోసాఫ్ట్‌లో జాన్ గాస్‌మన్ అదే ఆలోచనను విండోస్ అప్లికేషన్ల స్క్రీన్లు రాసే డబ్ల్యూపీఎఫ్‌లోని డేటా బైండింగ్‌కు (స్క్రీన్‌నూ విలువలనూ ముడిపెట్టే సదుపాయానికి) అన్వయించి ఎంవీవీఎం, అంటే మోడల్-వ్యూ-వ్యూ మోడల్, అని పరిచయం చేశారు. ఆ వ్యూ మోడల్ చురుకైన వస్తువు. తనలో ఏదైనా మారితే స్క్రీన్‌కు కబురు పెడుతుంది, స్క్రీన్‌లో మారితే తాను మారుతుంది.

2009లో మైక్రోసాఫ్ట్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఏఎస్‌పీ డాట్ నెట్ ఎంవీసీ మొదటి వెర్షన్ వచ్చాక వెబ్ డెవలపర్లు అదే పేరును తీసుకున్నారు. కానీ అక్కడ వ్యూ మోడల్ అంటే ఒక పేజీని రెండర్ చేయడానికి కావలసిన విలువల సంచి మాత్రమే. కబుర్లు పెట్టడం లాంటివేమీ లేవు. 2017లో గూగుల్ ఆండ్రాయిడ్‌కు ఇచ్చిన వ్యూ మోడల్ మరోలా ఉంటుంది. ఫోన్ అడ్డంగా తిప్పినప్పుడు యాక్టివిటీ (ఆండ్రాయిడ్‌లో ఒక స్క్రీన్‌ను నడిపే ఆబ్జెక్ట్) మళ్లీ పుట్టినా డేటా పోకుండా నిలబెట్టడం దాని ముఖ్యమైన పని. మీ టీమ్‌లో ఒకరు ఆండ్రాయిడ్ నుంచి, ఒకరు డాట్ నెట్ నుంచి వచ్చి ఉంటే, వాళ్లిద్దరూ ఒకే మాట అంటూ వేర్వేరు వస్తువుల గురించి మాట్లాడుతూ ఉండవచ్చు. డిజైన్ చర్చకు ముందు ఆ సంగతి తేల్చుకోండి. ఈ రోజు నేను వ్యూ మోడల్ అన్నప్పుడు ఈ మూడింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని అంటున్నాను: ఒక స్క్రీన్‌కు చెందినది, ఆ స్క్రీన్ పోతే తానూ పోయేది.

ఉదాహరణకు ఒక అపాయింట్‌మెంట్ బుకింగ్ సిస్టమ్ తీసుకుందాం. సర్వర్ నుంచి వచ్చే డీటీఓలో ఏముండాలి? ఐడీ, మొదలయ్యే సమయం, ఎన్ని నిమిషాలు, ఎవరితో, స్టేటస్. సమయం యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో, తేదీలు రాసే ఐఎస్‌ఓ 8601 పద్ధతిలో. ఇవన్నీ వాస్తవాలు. ఎవరు చూసినా, ఎప్పుడు చూసినా అవే.

ఇప్పుడు స్క్రీన్ మీద ఏం కనిపించాలి? ‘రేపు ఉదయం 10:30’ అని కనిపించాలి. ‘రేపు’ అన్న మాటను డీటీఓలో పెడితే ఏమవుతుందో ఆలోచించండి. చూసే మనిషి టైమ్ జోన్ సర్వర్‌కు తెలియకపోవచ్చు. తెలిసినా, ఆ రెస్పాన్స్‌ను మధ్యలో ఏదైనా క్యాష్ దాచి పెడితే అర్ధరాత్రి దాటగానే ఆ మాట అబద్ధం అవుతుంది. అదే సమాచారం ఇంకో సిస్టమ్ తీసుకుని రిపోర్ట్‌లో వేసుకోవాలంటే ‘రేపు’ను పట్టుకుని ఏం చేస్తుంది? అది చూసే క్షణానికి, చూసే మనిషికి సంబంధించిన మాట. కాబట్టి దాని చోటు వ్యూ మోడల్.

ఇది సులువైన కేసు. ఇదే సిస్టమ్‌లో కాస్త చిక్కుగా ఉండేది క్యాన్సిల్ బటన్. అపాయింట్‌మెంట్‌కు 24 గంటల ముందు వరకే రద్దు చేసుకోవచ్చు అనే రూల్ ఉందనుకోండి. బటన్ స్క్రీన్‌దే కాబట్టి ఇది వ్యూ మోడల్ పని అని కొందరు ఆ 24 గంటల లెక్కను మొబైల్ యాప్‌లో రాస్తారు. వెబ్ వాళ్లు మళ్లీ వెబ్‌లో రాస్తారు. ఆరు నెలల తర్వాత రూల్ 12 గంటలకు మారుతుంది. సర్వర్‌లో మార్చారు, వెబ్‌లో మార్చారు. పాత మొబైల్ యాప్ ఇంకా 24 గంటలే అనుకుంటూ ఉంటుంది, రద్దు చేసుకునే హక్కున్న మనిషికి బటన్ చూపించదు. ఆ మనిషి మనకు ఫిర్యాదు కూడా చేయరు, ఎందుకంటే తనకు ఆ వీలుందనే తెలియదు. నాకు ఇలాంటి బగ్‌లే అన్నిటికన్నా బాధ కలిగిస్తాయి. లాగ్‌లో ఎర్రర్ ఉండదు, గ్రాఫ్‌లో ఏమీ కనిపించదు, మనిషికి మాత్రం నష్టం జరిగిపోతుంది.

రద్దు చేయవచ్చా లేదా అన్నది వ్యాపార నియమం. దాన్ని తేల్చాల్సింది సర్వర్. తేల్చిన ఫలితం డీటీఓలో రావాలి. ఆ ఫలితాన్ని బట్టి బటన్‌ను దాచాలా, మసకగా చూపించాలా, పక్కన వివరణ రాయాలా అన్నవి వ్యూ మోడల్ తేల్చాలి. డిజైనర్ వచ్చి మసక బటన్ బాగాలేదు, తీసేయండి అంటే డీటీఓ కదలకూడదు. రూల్ మారితే వ్యూ మోడల్ కదలకూడదు.

ఇందులో ఇంకో మెట్టు ఉంది. డీటీఓలో ‘రద్దు చేయవచ్చు: అవును’ అని బూలియన్ పంపడం కన్నా ‘రద్దుకు చివరి గడువు’ అని ఒక సమయం పంపడం మేలు. బూలియన్ పంపిన క్షణానికే నిజం. యూజర్ ఆ స్క్రీన్‌ను రెండు గంటలు తెరిచి ఉంచితే పాతబడిపోతుంది. గడువు సమయం పాతబడదు. వ్యూ మోడల్ దాన్ని గడియారంతో పోల్చి బటన్‌ను తానే మార్చుకోగలదు, ‘ఇంకా 3 గంటల్లోపు రద్దు చేసుకోవచ్చు’ అని కూడా చెప్పగలదు. రిక్వెస్ట్ వచ్చినప్పుడు సర్వర్ ఎలాగూ మళ్లీ చెక్ చేయాలి, అది వేరే సంగతి. డీటీఓ ఫీల్డ్ రాసేటప్పుడు, ఇది అవతలి వైపు చేరేసరికి ఇంకా నిజంగానే ఉంటుందా అని ఒకసారి అడగండి.

డీటీఓకే ప్రత్యేకమైన తలనొప్పులు కొన్ని ఉంటాయి. స్క్రీన్ వాటి గురించి ఎప్పుడూ ఆలోచించనక్కర్లేదు. మీ డేటాబేస్‌లో ఐడీ 64 బిట్ల పూర్ణాంకం అనుకోండి. జావాస్క్రిప్ట్‌లో మామూలు నంబర్ 9007199254740991 దాకానే ప్రతి పూర్ణాంకాన్నీ కచ్చితంగా పట్టుకోగలదు. అది దాటితే చివరి అంకెలు మారిపోయే ప్రమాదం ఉంది, అదీ ఏ హెచ్చరికా లేకుండా. అందుకే ట్విటర్ తన ఏపీఐలో (బయటి ప్రోగ్రాములు పిలిచే ద్వారంలో) ట్వీట్ ఐడీని అంకెగా ఒకసారి, స్ట్రింగ్‌గా మరోసారి, రెండు ఫీల్డులలో ఇచ్చింది. నెట్‌వర్క్ మీద డేటా ఏ రూపంలో వెళ్లాలి, ఫీల్డ్ అసలు లేకపోవడానికీ నల్‌గా, అంటే ఖాళీ విలువతో, రావడానికీ తేడా ఏమిటి, తెలియని స్టేటస్ వస్తే క్లయింట్ ఏం చేయాలి, ఇవన్నీ డీటీఓ రాసేవాళ్లు తేల్చాలి.

దీని వెనక ఉన్న అసలు భారం ఆయుష్షు. వెబ్ పేజీని మీరు ఈ మధ్యాహ్నం మార్చి సాయంత్రానికి అందరికీ చేర్చవచ్చు. మొబైల్ యాప్ అలా కాదు. అప్‌డేట్ చేయనివాళ్లు ఎప్పుడూ ఉంటారు. రెండేళ్ల కిందటి యాప్ ఈ రోజు కూడా మీ ఏపీఐని పిలుస్తూ ఉండవచ్చు. అంటే ఆ డీటీఓలో మీరు ఒక ఫీల్డ్ పేరు మార్చలేరు, తీసేయలేరు, అర్థం మార్చలేరు. కొత్తవి చేర్చడం మాత్రం చేయగలరు. ఫీల్డులను నంబర్లతో గుర్తించి డేటా పంపే ప్రోటోకాల్ బఫర్స్ పద్ధతిలో ఒకసారి వాడి తీసేసిన ఫీల్డ్ నంబర్‌ను మళ్లీ ఇంకోదానికి వాడొద్దని చెప్పేది కూడా ఇందుకే. పాత క్లయింట్ కొత్త డేటాను పాత అర్థంతో చదివేస్తుంది.

ఇప్పుడు మొదటి వాదన దగ్గరికి వెళ్దాం. అవే ఫీల్డులున్న రెండు క్లాసులను కలిపేస్తే ఏమవుతుంది? వారానికోసారి మారే స్క్రీన్, ఏళ్ల తరబడి మారకూడని ఒప్పందం, రెండూ ఒకే క్లాస్‌కు కట్టుబడతాయి. స్క్రీన్ కోసం ‘స్టేటస్ రంగు’ అని ఒక ఫీల్డ్ చేరుతుంది. అది ఏపీఐ బయటికి పంపే జేసన్ డేటాలోకి వెళ్తుంది. భాగస్వామి కంపెనీ ఎవరో దాన్ని చదవడం మొదలుపెడతారు. ఇక మీరు రంగు మార్చాలన్నా వాళ్లకు మెయిల్ పెట్టాలి. ఒకే కోడ్ రెండుసార్లు రాయకూడదన్న నియమం మంచిదే. కానీ అది ఒకే నిర్ణయాన్ని రెండుచోట్ల రాయడం గురించి. ఈ రోజు ఒకేలా కనిపిస్తున్న రెండు వేర్వేరు నిర్ణయాలకు అది వర్తించదు.

లోపలికి వచ్చే డేటా సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ జరిగే పొరపాటు సెక్యూరిటీ సమస్య అవుతుంది. ఫ్రేమ్‌వర్క్‌లు ఫారంలో వచ్చిన ఫీల్డులను పేరును బట్టి ఆబ్జెక్ట్‌లోకి వాటంతటవే నింపేస్తాయి. ఆ ఆబ్జెక్ట్ మీ డేటాబేస్ ఎంటిటీయే, అంటే టేబుల్‌లోకి నేరుగా సేవ్ అయ్యే ఆబ్జెక్టే, అయితే, ఫారంలో లేని ఫీల్డ్‌ను కూడా ఎవరైనా చేత్తో చేర్చి పంపవచ్చు. అడ్మిన్ అవునా కాదా అన్న ఫీల్డ్ ఉంటే అది కూడా. దీన్ని మాస్ అసైన్‌మెంట్ అంటారు. 2012 మార్చిలో కోడ్ దాచుకునే సైట్ గిట్‌హబ్‌లో ఇలాగే జరిగింది. పబ్లిక్ కీ అప్‌డేట్ చేసే ఫారంలో ఉన్న ఈ లోపం ద్వారా ఒక యూజర్ తన కీని రైల్స్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ సంస్థ ఖాతాకు చేర్చి, రైల్స్ రిపోజిటరీలోకే కమిట్ పంపగలిగారు. తర్వాత రైల్స్ 4లో ఏ ఫీల్డులను అనుమతిస్తున్నామో కంట్రోలర్‌లో స్పష్టంగా రాయాల్సిన పద్ధతి వచ్చింది. వెబ్ సెక్యూరిటీ మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2019 ఏపీఐ సెక్యూరిటీ జాబితాలో ఈ మాస్ అసైన్‌మెంట్ ఒక అంశం, అవసరానికి మించి డేటా బయటపెట్టడం ఇంకో అంశం. 2023లో రెండింటినీ కలిపి ఒకే అంశంగా మూడో స్థానంలో పెట్టారు. కలపడంలో అర్థముంది. లోపలికి ఏ ఫీల్డులు రానివ్వాలి, బయటికి ఏవి పోనివ్వాలి అన్న నిర్ణయం ఎవరూ తీసుకోకపోవడమే రెండింటికీ మూలం. రిక్వెస్ట్‌కు ఒక టైప్, రెస్పాన్స్‌కు ఒక టైప్ విడిగా రాసినప్పుడు ఆ నిర్ణయం మీ చేతుల మీదుగా జరుగుతుంది.

రిజిస్ట్రేషన్ ఫారం చూడండి. పాస్‌వర్డ్, దాని కింద మళ్లీ పాస్‌వర్డ్. ఆ రెండో పెట్టె టైపింగ్ తప్పు పట్టుకోవడానికి ఉంది. అది వ్యూ మోడల్‌లో ఉంటుంది. ఏపీఐకి వెళ్లే రిక్వెస్ట్ డీటీఓలో దానికి పనిలేదు. ఇంకో సర్వర్ మీ ఏపీఐని పిలిచి యూజర్‌ను సృష్టిస్తుంటే అది టైపింగ్ తప్పు ఎందుకు చేస్తుంది? డ్రాప్‌డౌన్‌లో చూపించే దేశాల జాబితా కూడా అంతే. స్క్రీన్‌కు జాబితా కావాలి, సర్వర్‌కు ఎంచుకున్న ఒక్క కోడ్ కావాలి.

ఎవరు ఎవరిని తెలుసుకోవాలి అన్నదానికి నా జవాబు ఒకటే. వ్యూ మోడల్‌కు డీటీఓ గురించి తెలియవచ్చు. డీటీఓకు వ్యూ మోడల్ గురించి తెలియకూడదు. సర్వీస్ లేయర్‌లో, అంటే వ్యాపార పనులు చేసే కోడ్‌లో, మెథడ్ ఒకటి వ్యూ మోడల్‌ను రిటర్న్ చేస్తుంటే, ఆ సర్వీస్ ఒక స్క్రీన్‌కు అమ్ముడుపోయినట్టే. రేపు అదే పనిని రాత్రి నడిచే బ్యాచ్ జాబ్ నుంచి పిలవాలంటే రంగులు, బటన్లు అన్నీ వెంట వస్తాయి.

ఇక మ్యాపింగ్. ఆటోమ్యాపర్ లాంటి లైబ్రరీలు పేర్లు చూసి విలువలను కాపీ చేస్తాయి. రాయడం తగ్గుతుంది, నిజమే. కానీ ఒకవైపు పేరు మారిస్తే, దానికి తగ్గ చెక్ మీరు పెట్టుకోకపోతే, రెండో వైపు ఖాళీగా మిగులుతుంది. జావాలో మ్యాప్‌స్ట్రక్ట్ ఆ కోడ్‌ను కంపైల్ సమయంలోనే తయారు చేస్తుంది కాబట్టి మిగిలిపోయిన ఫీల్డ్ గురించి అక్కడే హెచ్చరిక వస్తుంది. నాకైతే చేత్తో రాసిన మామూలు ఫంక్షనే ఇష్టం. పది లైన్లు ఎక్కువైనా, ఫలానా ఫీల్డ్ ఎక్కడి నుంచి వస్తోందని ఎడిటర్‌లో వెతికితే దొరుకుతుంది. సీ షార్ప్ 9లో, జావా 16లో రికార్డ్‌లు వచ్చాక ఈ క్లాసులు రాయడం కూడా ఒక్క లైన్ పని అయింది.

ప్రశ్నలుంటే అడగండి.

సభ నుంచి: సార్, మాది నలుగురి టీమ్. ఎంటిటీ, డీటీఓ, వ్యూ మోడల్, మూడూ రాయాలంటే మాకు పని మూడింతలు అవుతుంది కదా?

మీరు సర్వర్‌లోనే పేజీలు రెండర్ చేస్తుంటే మీకు డీటీఓ అక్కర్లేదండి. క్వెరీ నుంచి నేరుగా వ్యూ మోడల్‌లోకి చదవండి, కావలసిన కాలమ్స్ మాత్రమే. మధ్యలో ఇంకో క్లాస్ పెడితే అది కాపీ చేయడం తప్ప ఏమీ చేయదు. మీరు ఏపీఐ రాసి, దాన్ని వాడేది మీ ఒక్క వెబ్ క్లయింటే అయి, రెండూ ఒకేసారి డిప్లాయ్ అవుతుంటే, రెస్పాన్స్‌ను ఆ స్క్రీన్ ఆకారంలోనే ఇవ్వండి, తప్పు లేదు. బ్యాకెండ్ ఫర్ ఫ్రంటెండ్ అనే పద్ధతి సరిగ్గా అదే. రెండో క్లయింట్ వచ్చిన రోజు విడదీయండి. కానీ ఎంటిటీని మాత్రం బయటికి పంపకండి, ఫారంను నేరుగా ఎంటిటీలోకి నింపకండి. టీమ్ ఎంత చిన్నదైనా ఈ రెండింటిలో నేను మినహాయింపు ఇవ్వను.

సభ నుంచి: గ్రాఫ్‌క్యూఎల్ వాడితే ఈ సమస్యే ఉండదని అంటారు?

గ్రాఫ్‌క్యూఎల్ అంటే ఏపీఐని క్వెరీలతో అడిగే భాష. ఫేస్‌బుక్ 2015లో దాన్ని అందరికీ ఓపెన్ చేసినప్పటి నుంచీ ఈ మాట వింటున్నాం. స్క్రీన్ తనకు కావలసిన ఫీల్డులు తానే అడుగుతుంది కాబట్టి స్క్రీన్‌కో రెస్పాన్స్ టైప్ రాసే అవసరం తగ్గుతుంది. అయితే ఏ ఫీల్డులున్నాయో రాసిపెట్టే స్కీమా ఉంది కదా, అదే మీ ఒప్పందం. అందులో ఫీల్డ్ పేరు మార్చడం అంతే కష్టం. ఫీల్డ్‌ను డెప్రికేట్ చేసినట్టు, అంటే ఇక వాడొద్దని, గుర్తు పెట్టవచ్చు, దాన్ని ఇంకా ఎవరు అడుగుతున్నారో క్వెరీల్లో చూడవచ్చు. అది నిజమైన లాభం. ‘రేపు ఉదయం’ అన్న మాట మాత్రం క్లయింట్‌లోనే తయారవ్వాలి.

సభ నుంచి: వ్యాలిడేషన్ ఎక్కడ పెట్టాలి సార్? వ్యూ మోడల్‌లోనా, డీటీఓలోనా?

రెండుచోట్లా ఉంటుంది, కానీ ఒకే వ్యాలిడేషన్ కాదు. వ్యూ మోడల్‌లో ఉన్నది టైప్ చేసే మనిషికి సాయం: ఈ పెట్టె ఖాళీగా ఉంది, ఈ రెండూ కలవలేదు. రిక్వెస్ట్ డీటీఓ దగ్గర చూసేది ఆకారం: తేదీ తేదీలా ఉందా, పొడవు హద్దులో ఉందా. ఆ సమయంలో డాక్టర్ ఖాళీగా ఉన్నారా లేదా అన్నది డొమైన్‌లో, అంటే వ్యాపార నియమాల కోడ్‌లో, ట్రాన్సాక్షన్ లోపల చూడాలి. తప్పు ఉంటే సర్వర్ వాక్యాలు పంపకుండా ఏ ఫీల్డ్, ఏ కోడ్ అన్నది పంపాలి. దీనికి ఆర్‌ఎఫ్‌సీ 7807 అని 2016లో ఒక ఇంటర్నెట్ ప్రమాణ పత్రం వచ్చింది, 2023లో ఆర్‌ఎఫ్‌సీ 9457 దాని స్థానంలోకి వచ్చింది. ఫీల్డ్‌ల వారీ వివరాలు అందులో అదనపు సభ్యులుగా మీరే చేర్చుకోవచ్చు. ఆ కోడ్‌ను యూజర్ భాషలోకి మార్చి, సరైన పెట్టె కింద ఎర్రగా చూపించడం వ్యూ మోడల్ పని.